కారు నెత్తిన ఎనిమిది బెజ్జాలు

కారు డిక్కీలో నీళ్లు చేరాయంటే అందరి అనుమానమూ ముందు వెనక తలుపు రబ్బరు మీదికే పోతుంది. రబ్బరు మారుస్తారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే తడి, అదే ముక్కిన వాసన, స్టెప్నీ గుంటలో అవే ఎర్రటి తుప్పు నీళ్లు. హోసూరు బాగలూరు రోడ్డు పక్క సందులో ఉన్న ఒక టింకరింగ్ షెడ్డుకు వచ్చిన స్టేషన్ వ్యాగన్‌ది అచ్చంగా ఇదే కథ. బండి కృష్ణగిరి దగ్గర మామిడి తోట ఉన్న ఒక పెద్దాయనది. రబ్బరు రెండుసార్లు మార్పించారు. కానీ నీళ్లు తలుపు సందులోంచి రావడం లేదు, పైకప్పు మీది రూఫ్ రెయిలు కాళ్ల దగ్గర నుంచి దిగుతున్నాయి.

ఆ రెయిళ్లు తీసి, వాటి బెజ్జాలు మూసి, పైకప్పును మళ్లీ పైకప్పుగా నిలబెట్టిన పనిని నేను దగ్గరుండి చూశాను. పత్రికల్లో కొత్త కార్ల గురించి చాలా రాస్తారు. పాత కారును నిలబెట్టే చేతి గురించి ఎవరూ రాయరు. అందుకే ఈ నాలుగు మాటలు. ఆయనను షెడ్డులో అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

మేస్త్రీ మొదట స్పానర్ పట్టుకోలేదు. పెద్దాయనను కూర్చోబెట్టి అడిగాడు. "వాన పడినప్పుడు వస్తాయా సార్, బండి కడిగినప్పుడు కూడానా? ఇంటి దగ్గర వాలు మీద నిలుపుతారా? ముక్కు ఏ వైపు?" ముక్కు ఎత్తు వైపు ఉండేలా వాలులో నిలుపుతానని పెద్దాయన చెప్పగానే సగం జవాబు దొరికినట్టు తలూపాడు. ముక్కు ఎత్తున ఉంటే కప్పు మీద నీళ్లన్నీ వెనక్కి పారుతాయి. అక్కడే రెయిళ్ల వెనక కాళ్లు ఉన్నాయి.

తర్వాత పరీక్ష. డిక్కీ పక్క ప్లాస్టిక్ పలకలు విప్పి, లోపలి ఇనుప రేకు మీద సుద్దపొడిని గుడ్డలో కట్టి పలుచగా అద్దాడు. బయట నుంచి సన్నటి ధారగా నీళ్లు పోయించాడు, అదీ కింది నుంచి పైకి. ముందు టెయిల్ లైటు చుట్టూ, తర్వాత తలుపు అంచు, తర్వాత అద్దం రబ్బరు, ఆఖరున కప్పు. ఈ వరసలోనే తెలివి ఉంది. మొదటే కప్పు మీద పోస్తే నీళ్లు అన్ని చోట్లకూ జారిపోతాయి, ఎక్కడ దూరాయో తేలదు. కింది చోట్లు ఒక్కొక్కటీ పొడిగా తేలాక పైకి వెళ్తే దొంగ తనంతట తానే బయటపడతాడు. ఎడమ రెయిలు వెనక కాలి మీద ధార పడిన కాసేపటికి సుద్దపొడిలో గోరు వెడల్పు తడి గీత ఒకటి నెమ్మదిగా కిందికి దిగింది. రబ్బరుకు దానితో సంబంధమే లేదు.

ఈ రెయిళ్లు అసలు కారు నెత్తికి ఎందుకు ఎక్కాయో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. స్టేషన్ వ్యాగన్ పుట్టిందే సామాను కోసం. అమెరికాలో రైలు దిగిన మనుషుల్నీ పెట్టెల్నీ ఇళ్లకు చేర్చడానికి చెక్క ఒళ్లు బిగించిన బండ్లు తిరిగేవి. 1923లో స్టార్ అనే కంపెనీ అలాంటి బండిని ఫ్యాక్టరీలోనే తయారుచేసి అమ్మింది. మన దేశంలో టాటా ఎస్టేట్ 1992లో వచ్చింది, ఇండిగో మెరీనా 2004లో. ఇవి కాక మారుతి బలెనో ఆల్టురా, ఒపెల్ కోర్సా స్వింగ్, స్కోడా ఆక్టేవియా కాంబి కూడా వచ్చాయి. ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు. పొడుగాటి డిక్కీ ఉన్న కారును మనవాళ్లు ఎందుకో సొంతం చేసుకోలేదు, నాకు మాత్రం అది ఇప్పటికీ బాధే. ఇంటిల్లిపాదీ, వాళ్ల సామానూ నేలకు దగ్గరగా, నిదానంగా ప్రయాణం చేయడానికి అంతకన్నా మంచి బండి లేదు.

అంబాసిడర్‌కు రూఫ్ రెయిలు అవసరం పడలేదు. దాని కప్పు చుట్టూ వాన నీళ్లు పోయే గాడి ఒకటి బయటికి కనిపిస్తూ ఉండేది. క్యారియర్ కాళ్ల కొక్కేలను ఆ గాడి అంచుకు తగిలించి బిగిస్తే చాలు, రేకుకు ఒక్క బెజ్జం కూడా పడేది కాదు. 2014లో ఉత్తరపారాలో ఆ బండి తయారీ ఆగిపోయే దాకా గాడి అలాగే ఉంది. తక్కిన కార్లలో గాలికి అడ్డు తగ్గాలని, చూపుకు నునుపుగా ఉండాలని ఆ గాడిని ఎప్పుడో రేకు లోపలికి ముడిచేశారు. పట్టుకోవడానికి అంచు లేకుండా పోయింది. అప్పుడు కప్పుకు బెజ్జాలు పెట్టి, బోల్టులతో రెయిలు బిగించాల్సి వచ్చింది. గాడి దాక్కోవడంతో అందం పెరిగింది, వానకు ఎనిమిది కొత్త దార్లు తెరుచుకున్నాయి.

ఈ వ్యాగన్‌లో రెయిలుకు నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది బోల్టులు. కాలి అడుగున బోల్టు అతుక్కుని ఉంటుంది. అది పైరేకులోంచి కిందికి దిగుతుంది, లోపల నట్టుతో బిగుస్తుంది. పైరేకులో బెజ్జం బోల్టు పట్టేంతే. దాని కింద బలం కోసం వేసిన లోపలి పట్టీకి మాత్రం సాకెట్ దూరేంత పెద్ద బెజ్జం ఉంటుంది. రేకుకూ కాలికీ మధ్య ఒక రబ్బరు పొర ఉంటుంది. నీళ్లను ఆపేది ఆ పొర ఒక్కటే. ఇరవై ఏళ్ల ఎండకు అది గట్టిపడి పగిలింది. అల్యూమినియం కాలు, ఇనుప రేకు, మధ్యలో తడి: ఈ మూడూ కలిస్తే రెండు లోహాల మధ్య చిన్న కరెంటు పుట్టి లోహాన్ని తినడం మొదలవుతుంది. కాలి కింద తెల్లటి పొడి, బెజ్జం చుట్టూ ఎర్రటి తుప్పు ఆ తిండి తాలూకు ఆనవాళ్లే.

ఎడమ వెనక కాలు తుప్పు పట్టడమే కాదు, పగిలింది కూడా. ఎందుకు పగిలిందో అడిగితే పెద్దాయన ఉన్నదున్నట్టు చెప్పారు. ఒకప్పుడు ఏటా అయ్యప్ప మాల వేసుకుని అదే బండిలో శబరిమల వెళ్లేవారట. ఇరుముళ్లు లోపల, వంట గిన్నెలు, గ్యాస్ పొయ్యి, బియ్యం మూట పైన. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక నుంచి శబరిమలకు వెళ్లే వాహనాల్లో చాలా నవంబరు నుంచి జనవరి దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద హోసూరు, కృష్ణగిరి దాటి సేలం వైపు దిగుతాయి. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటు ఉంది, పొడుగాటి దిగుడు. మామూలు కార్ల కప్పు మోయగల బరువు, క్యారియర్‌తో కలిపి, 50 నుంచి 75 కిలోల మధ్యే ఉంటుంది. అది బండితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. 100 కిలోలు పైన కట్టి గట్టిగా బ్రేకు వేస్తే ఆ సామాను ముందుకు దాదాపు 80 కిలోల బలంతో తోస్తుంది. గాలి తోపు వేరే. 50 కిలోమీటర్ల వేగం నుంచి 100కు వెళ్తే అది రెట్టింపు కాదు, నాలుగింతలు. ఈ తోపులన్నీ చివరికి వేలెడు లావు కూడా లేని ఆ కాళ్ల మీదే పడతాయి.

పగిలిన కాలును ఆర్గన్ వెల్డింగ్‌తో అతికించవచ్చు కదా అని పెద్దాయన అడిగారు. కొత్తది దొరకదు, బండి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మేస్త్రీ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, విరిగిన చోటును వెలుతురుకు తిప్పి చూపించాడు. లోపలంతా సూదిమొన బెజ్జాలు. అచ్చులో ఒత్తిడితో పోసిన లోహంలో గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి, వేడి తగలగానే అవి ఉబ్బి అతుకును నురగలా చేస్తాయి. "పట్టుకుంటుంది సార్. ఎన్నాళ్లు పట్టుకుంటుందో నేను చెప్పలేను. రోడ్డు మీద మీ వెనకాల మోటారు సైకిలు మీద ఒకడు వస్తుంటాడు," అన్నాడు. అతికించి డబ్బు తీసుకుని పంపేయడం సులువు. అలా చేయకపోవడం కూడా పనితనంలో భాగమేనని ఆ క్షణంలో నాకు గట్టిగా అనిపించింది. రెయిళ్లు రెండూ శాశ్వతంగా తీసేయడానికే నిర్ణయం జరిగింది.

తీసేయడం ఎవరికైనా వచ్చు. గ్రైండరు పెట్టి కాళ్లను పైనుంచే కోసి, బోల్టు ముక్కలను లోపలికి తోసేసి, బెజ్జాల్లో ఎం-సీల్ కుక్కి, పైన పుట్టీ రాసి రంగు కొట్టేసే వాళ్లు ఉన్నారు. ఒక పూటలో అయిపోతుంది. లోపల పడ్డ బోల్టు ముక్కలు ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా గలగలలాడుతూనే ఉంటాయి. ఏప్రిల్ ఎండకు చెయ్యి పెట్టలేనంతగా కప్పు కాలుతుంది, రాత్రి చల్లబడుతుంది. ఇనుము ఒక తీరున పెరుగుతుంది, ఎం-సీల్ ఇంకో తీరున. ఏడాది తిరక్కుండానే రంగు మీద గుండ్రటి గీత పడుతుంది, ఆ గీతలోంచి మళ్లీ వాన దిగుతుంది.

మేస్త్రీ లోపలి నుంచి మొదలుపెట్టాడు. అంటే టాప్ లైనింగ్ దించాలి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీశాడు. సన్ వైజర్లు, చేతి పట్టీలు, రూము లైటు, స్తంభాల మీది పలకలు, తలుపు బీడింగ్ ఒక వరసలో విప్పుకుంటూ వచ్చాడు. ప్రతి చోట స్క్రూలను వేరే వేరే అగ్గిపెట్టెల్లో వేసి, పెట్టె మీద తమిళంలో చోటు పేరు రాయించాడు. లైనింగ్ ముట్టుకునే ముందు తనకు సాయం చేసే కుర్రవాణ్ని సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని రమ్మన్నాడు. "లేత బూడిద గుడ్డ రా. నీ వేలిముద్ర పడితే బండి ఉన్నన్నాళ్లూ ఉంటుంది." లైనింగ్‌ను పూర్తిగా బయటికి తీయలేదు. ముందు భాగాన్ని అలాగే ఉంచి, వెనక సగాన్ని సీట్ల మీద పరిచిన దుప్పటి మీదికి నిదానంగా వాల్చాడు. దాన్ని మడిస్తే మధ్యలో గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. ఆ సగం అయ్యాక ముందు భాగానికి మళ్లీ అంతే ఓపిక. ఈ మధ్య వచ్చే కార్లలో కప్పు అంచు వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయని, వాటికైతే బ్యాటరీ తీశాక కూడా కాసేపు ఆగి గాని అంచు మీద చెయ్యి వేయనని పనిలో పనిగా చెప్పాడు.

ఎనిమిది నట్లలో ఆరు మామూలుగానే వచ్చాయి. రెండు మొండికేశాయి. నూనె పట్టించి రాత్రంతా వదిలేశాడు. పొద్దున రించి పెట్టి ముందు విప్పలేదు, వెంట్రుకవాసి బిగించాడు. 'టిక్' అని చిన్న చప్పుడు వచ్చింది, అప్పుడు వెనక్కి తిప్పాడు. తుప్పు పొర ఒక దిక్కున పగిలితే రెండో దిక్కుకు దారి ఇస్తుంది. ఈ చిన్న ఓపిక లేక విరగ్గొట్టిన బోల్టులతో షెడ్డుల్లో డబ్బాలు నిండిపోతాయి. కాళ్ల మీది ప్లాస్టిక్ మూతలు ఎండకు పెళుసెక్కి ఉంటే హీట్ గన్‌తో వెచ్చచేసి, నైలాన్ చీలికతో లేపాడు. ఆ చీలికను ఫ్యాక్టరీ తుక్కులో దొరికిన నైలాన్ కడ్డీని చెక్కి తానే చేసుకున్నాడు.

ఆ తుక్కు గురించి ఒక మాట. హోసూరు అంటే బయటివాళ్లకు గులాబీలు, కూరగాయలు, బెంగళూరు పక్క ఊరు. సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చాక ఊరి చేతులే మారిపోయాయి. అశోక్ లేలాండ్ లారీలు, 1980లో ఇక్కడ పుట్టిన టీవీఎస్ 50 మోపెడ్, టైటాన్ గడియారాలు, వాటి చుట్టూ లెక్కలేనన్ని విడిభాగాల కార్ఖానాలు. ఇంట్లో తెలుగు, పనిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే పిల్లలు మైక్రాన్ల లెక్క చదవడం నేర్చుకున్నారు. ఆ అలవాటు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోలేదు. ఈ షెడ్డు గోడ మీద సుత్తులు, రేకు కింద ఆనించే ఇనుప డాలీల పక్కనే వెల్వెట్ పెట్టెలో ఒక వెర్నియర్ ఉంది. మేస్త్రీ దానితో కప్పు రేకు మందం కొలిచాడు. 0.7 మిల్లీమీటర్లు. తర్వాత తుక్కు దుకాణం నుంచి అదే మందం ఉన్న పాత కారు కప్పు ముక్క ఒకటి తెప్పించాడు. కొత్త జింకు రేకు ఎందుకు వాడరని అడిగాను. జింకు మీద వెల్డింగ్ పెడితే పొగ లేస్తుంది, అతుకు గుల్లగా వస్తుంది, మందం కూడా కుదరదు అన్నాడు.

ఇక అసలు పని.

బెజ్జం చుట్టూ రంగు గీకి, తుప్పును తెల్లటి ఇనుము కనిపించే దాకా అరగదీశాడు. సూదిగా ఉన్న పనిముట్టుతో అంచంతా పొడిచి చూశాడు. మెత్తగా దిగిన చోటల్లా కోసేశాడు. ఆరు బెజ్జాలు అణా బిళ్లంత మిగిలాయి, వెనక రెండు కాస్త పెద్దవయ్యాయి. ప్రతి దానికీ తగ్గ బిళ్లను పాత కప్పు ముక్కలోంచి కోసి, ఆకురాయితో అంచు దిద్ది, బెజ్జంలో పెట్టి చూశాడు. వదులైతే పక్కన పడేశాడు, బిగుతైతే ఇంకో రెండు రుద్దులు. బిళ్లకూ రేకుకూ మధ్య సందు చుట్టూ ఒకే తీరుగా, రేకు మందంలో సగం మించకుండా ఉండాలి. బిగుతుగా దిగితే వేడికి ఉబ్బి పైకి లేస్తుంది. వదులుగా ఉంటే ఆ సందు నింపడానికి ఎక్కువ వేడి పెట్టాలి. వేడి ఎక్కువైతే ఇంత పలుచని, ఇంత వెడల్పాటి రేకు ఎండలో ఆరేసిన అప్పడంలా అంచులు వంకర తిరుగుతుంది. ఒకసారి వంకర తిరిగిన కప్పును మళ్లీ చదును చేయడం మహా కష్టం. ఎండకు, గుంతకు 'టక్ టక్'మని లోపలికీ బయటికీ ఎగురుతూనే ఉంటుంది.

వెల్డింగ్ రోజు లోపల తడి గోనె పట్టాలు పరిచారు. లైనింగ్ జిగురుకు, సీట్ల స్పాంజికి నిప్పురవ్వ తగిలితే బండి మిగలదు. కుర్రవాడు లోపల వెల్లకిలా పడుకున్నాడు. వాడి చేతిలో చెక్క పిడి వేసిన రాగి కడ్డీ ఉంది, కొస అద్దంలా చదును. లోపలి పట్టీ పెద్ద బెజ్జంలోంచి ఆ కడ్డీని దూర్చి, బిళ్లకు అడుగున ఆనించి పైకి నొక్కి పట్టుకోవాలి. రాగికి వెల్డింగ్ అతుక్కోదు, వేడిని మాత్రం లాగేసుకుంటుంది. కరిగిన ఇనుము కిందికి కారకుండా ఆపుతుంది కూడా. పైన మేస్త్రీ, 0.8 తీగ వేసిన సీఓటూ వెల్డింగ్ గన్. బిళ్ల అంచున ఒక్క చుక్క పెట్టాడు, సెకనులో సగం కూడా పట్టలేదు. గన్ పక్కన పెట్టి తడి గుడ్డ అద్దాడు. వేలు పెట్టి చూశాడు, చల్లబడ్డాక ఎదురు దిక్కున రెండో చుక్క. తర్వాత వాటికి అడ్డంగా మూడు, నాలుగు. ఒక బెజ్జంలో నాలుగు చుక్కలు పెట్టి దాన్ని అలాగే వదిలేసి, కప్పు రెండో పక్కనున్న బెజ్జానికి వెళ్లాడు. అలా ఎనిమిదింటినీ చుట్టి మళ్లీ మొదటి దానికి వచ్చి, చుక్కల మధ్య ఖాళీల్లో ఇంకో నాలుగు. వేడి ఎక్కడా కూడబెట్టుకోకుండా కప్పంతా తిరుగుతూ సాగింది ఆ పని. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ఎనిమిది బిళ్లల చుట్టూ చుక్కకు చుక్క తాకి ఉంగరాలు పూర్తయ్యాయి. నేను కప్పు మీద అరచెయ్యి పెట్టి చూశాను. షెడ్డు గోడ కన్నా వెచ్చగా లేదు.

గ్రైండరుతో అరగదీయడంలోనూ అదే జాగ్రత్త. అరిగే రాయి వేడి కూడా వేడే. కొంచెం అరగదీసి ఆగడం, వేలు పెట్టి చూడడం. అతుకు రేకు ఎత్తుకు వచ్చాక కింద డాలీ ఆనించి, పైన చదును సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేశాడు. చల్లారేటప్పుడు ముడుచుకున్న అతుకును మళ్లీ సాగదీసి పక్క రేకుతో సమానం చేయడానికే ఆ దెబ్బలు. ఇందులో కొలత పరికరం అరచెయ్యే. పలుచటి నూలు గుడ్డ చేతి కింద పెట్టుకుని, కప్పు మీద పొడుగునా నిదానంగా జరిపాడు. గుడ్డ ఉంటే చర్మం రాపిడి తెలియదు, మిట్టపల్లాలు మాత్రమే తెలుస్తాయి. ఒకచోట ఆగి, "ఇక్కడ పట్టు," అని నా చెయ్యి పెట్టించాడు. నాకేమీ తెలియలేదు. ట్యూబ్‌లైటు నీడ కప్పు మీద పడేలా బండిని కొంచెం తోయించి చూపిస్తే, ఆ చోట నీడ గీత వెంట్రుక మందం వంగి ఉంది.

బాగా పని తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ తేడా తర్వాతి అడుగులో పట్టుకోవచ్చు. అతుకు సాపు అవగానే చాలామంది పుట్టీ రాసేస్తారు. మేస్త్రీ మళ్లీ బండి లోపలికి వెళ్లాడు. వెల్డింగ్ వేడికి అడుగువైపు రంగు మాడిపోయి ఉంటుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. ప్రతి అతుకు అడుగునా గీకి, ఎపాక్సీ ప్రైమరు పూసి, ఆరాక సీలరు వేలితో దిద్ది, చివరన సన్నటి గొట్టంతో లోపలి ఖాళీల్లోకి యాంటీ రస్ట్ మైనం కొట్టాడు. నీళ్లు దిగిన దారి పొడుగునా, డిక్కీ గుంట దాకా అదే వైద్యం. పైన కూడా ముందు ఎపాక్సీ ప్రైమరు, దాని మీదే పుట్టీ. మామూలు పుట్టీ తడిని పీల్చుకుంటుంది. దాన్ని వట్టి ఇనుము మీద రాస్తే తుప్పును తెచ్చి లోపల కూర్చోబెట్టినట్టే. రాసిన పుట్టీ కూడా గోరు మందం కన్నా తక్కువే. రేకును సుత్తితో సాపు చేసుకోలేని వాళ్లే పుట్టీని దట్టంగా పెడతారు.

రంగు దగ్గర ఇంకో చిక్కు. కంపెనీ రంగు నంబరు చెబితే దుకాణంలో కలిపి ఇస్తారు గాని, అది కొత్త బండి రంగు. ఇది ఇన్నేళ్ల ఎండ చూసిన వెండి రంగు. మేస్త్రీ కలిపిన రంగును చిన్న రేకు ముక్కల మీద కొట్టి, తలుపు పక్కన పెట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయట వెలుతురులో చూశాడు. మూడో ముక్క కుదిరింది. కృష్ణగిరి జిల్లాలో గ్రానైట్ క్వారీలు ఎక్కువ, గాలిలో దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. అందుకని తెల్లవారకముందే నేలంతా తడిపి, గాలి లేవకముందే కప్పు మొత్తానికీ రంగు, దాని మీద క్లియర్ కోటు కొట్టడం పూర్తిచేశాడు. బెజ్జాలు మూసిన చోట్ల మాత్రమే కొడితే ఎనిమిది మచ్చలు మిగులుతాయి. కప్పును అంచు నుంచి అంచు దాకా ఒకే ముక్కగా చేస్తే కన్ను ఎక్కడా ఆగదు.

అంతా అయ్యాక మళ్లీ సుద్దపొడి, మళ్లీ నీళ్లు, అదే కింది నుంచి పైకి వరస. ఈసారి పెద్దాయన ఇంటి దగ్గరిలాగే ముక్కు ఎత్తు చేసి నిలిపారు. సుద్దపొడి తెల్లగానే ఉంది. అప్పుడు గాని లైనింగ్ ఎక్కించలేదు. అగ్గిపెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి, ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు.

అన్ని బండ్లకూ ఇంత పని అక్కర్లేదు. అదే షెడ్డులో ఇంకో బండికి రెయిళ్లు బాగానే ఉన్నాయి, రబ్బరు పొరలు మాత్రం పోయాయి. దాని రెయిళ్లు దించి, బెజ్జాల అంచులు శుభ్రం చేసి ప్రైమరు పూసి, కాళ్ల కింద కొత్త రబ్బరు, బోల్టు చుట్టూ బ్యూటైల్ టేపు, లోపల నైలాన్ వాషర్లు వేసి మళ్లీ బిగించారు. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు మించి బిగించనక్కర్లేదు. బలం ఉంది కదా అని లాగితే రేకు గుంట పడుతుంది, ఆ గుంటలోనే నీళ్లు నిలుస్తాయి. మేస్త్రీ చివరి తిప్పు పొడుగు రించితో కాకుండా పొట్టి స్క్రూడ్రైవరు పిడికి సాకెట్ తగిలించి తిప్పాడు. అంత పొట్టి పిడితో ఎక్కువ బిగించాలన్నా బిగించలేం.

కంపెనీ లైనులో యంత్రం ఒక్కో బండికీ ఒకే కప్పును, ఒకే మందంతో, ఒకే చోట అతుకుతుంది. అది గొప్ప పనే. ఇక్కడ ఏ రెండు బెజ్జాలూ ఒకేలా లేవు, ఏ రెండు తుప్పులూ ఒకే దారిన పోలేదు. ప్రతి దాన్నీ విడిగా చదివి, దానికి తగ్గ వేడి, దానికి తగ్గ దెబ్బ నిర్ణయించుకోవాలి. కొలతను ఫ్యాక్టరీల నుంచి, చేతి ఒడుపును పాత కమ్మరి పట్టడల నుంచి తెచ్చుకుని రెంటినీ కలిపిన ఇలాంటి పనివాళ్లు హోసూరు, కృష్ణగిరి సందుల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల షెడ్డులకు పెద్ద బోర్డులు ఉండవు. పాత బండ్లు తుక్కుకు పోయే కొద్దీ ఈ పని నేర్చుకునే పిల్లలూ తగ్గుతారు. అది జరగకూడదని నా కోరిక.

మీ బండికి రూఫ్ రెయిళ్లు ఉంటే రెండు పనులు చేయండి. వానలు మొదలయ్యే ముందు వాటి కాళ్ల చుట్టూ పేరుకున్న ఆకులు, దుమ్ము తీయించండి. క్యారియర్ బిగించే ముందు బండి పుస్తకంలో కప్పు బరువు ఎంత రాశారో చూసుకోండి. రెయిళ్లు తీయించాల్సి వస్తే, లైనింగ్ దించకుండా పైనుంచే పూటలో చేసిస్తానన్న చోట బండి ఇవ్వకండి. లోపలి వైపు ఏం పూస్తారో ముందే అడగండి. ఆ ప్రశ్నకు ఆగకుండా జవాబు చెప్పినవాళ్లకే తాళాలు ఇవ్వండి.